మా వాడి ముక్కులో గడ్డ, ఎమ్మారై గదిలో నా పిన్నీసులు

చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటున్నా, కుదర్లా. మొన్న మా చుట్టాలావిడ ఫోన్ చేసి "మా పిల్లోడికి కూడా ముక్కులోంచి రక్తం వస్తోంది అక్కా, వేడి అంటున్నారు అందరూ" అంది. ఆ వేడి అనే మాట చెవిన పడేసరికి ఇక ఆగలేకపోయా. రాత్రి అంట్లు తోమేసి కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాది పిడుగురాళ్ళ. మా వైపు ఎండలు ఎలా ఉంటాయో తెలిసిందేగా, టీవీలో ఎండల వార్త వస్తే ముందు రెంటచింతల పేరే చదువుతారు, అది మాకు దగ్గరే. అలాంటి చోట మే నెలలో పద్నాలుగేళ్ళ పిల్లాడికి ముక్కులోంచి రక్తం కారితే ఎవరైనా ఏమంటారు, వేడి చేసింది అంటారు, మేమూ అదే అన్నాం. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చా, గ్లాసులు గ్లాసులు మజ్జిగ తాగించా, మా అత్తయ్య గారు ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించారు, నెత్తిన తడిగుడ్డ వేసి పడుకోబెట్టారు. ఆగేది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చేది. మా ఊళ్ళో సున్నం బట్టీలు ఎక్కువ, ఆ దుమ్ము పడక అని ఒకరు, వాడు ముక్కులో వేలు పెడతాడు అందుకే అని ఒకరు. వేలు పెట్టేమాట నిజమే, కానీ దానివల్ల కాదు.

వానలు పడ్డాయి, చల్లబడింది, రక్తం మాత్రం ఆగలా. అప్పుడైనా నాకు వెలగాలి కదా, వేడైతే వానాకాలంలో ఎందుకొస్తుందీ అని. ఇంకోటి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుద్ది, ప్రతిసారీ కుడి వైపే వచ్చేది, ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఎడమ వైపు రాలేదు. చొక్కాల మీద మరకలు ఉతికింది నేనే, కుడి ముక్కులో దూది పెట్టింది నేనే, అయినా తట్టలా. తర్వాత గురక మొదలైంది, నోరు తెరుచుకుని పడుకునేవాడు, మాట కూడా పడిశం పట్టినోడిలా ముక్కుతో వచ్చేది. గొంతు మారే వయసు కదా అని దానికీ ఒక కారణం చెప్పుకున్నాం.

దసరా సెలవుల్లో ఒక రాత్రి చెంబుడు రక్తం పోయింది. చెంబుడు అని ఊరికే అనట్లా, నిజంగానే ఇత్తడి చెంబు పట్టా. పొద్దున్నే ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే లైటు వేసి చూసి పాలిప్ (ముక్కులో పెరిగే మెత్తటి కండ) ఉంది, చిన్న ముక్క తీసి టెస్టుకి పంపుదాం, ఓపీలోనే పది నిమిషాల్లో అయిపోద్ది అన్నారు. మా ఆయన సరేనన్నారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది కాబట్టి ముందు అది పెరగాలి, ఐరన్ మాత్రలు వాడి రెండు వారాల తర్వాత రండి అన్నారు. ఆ తక్కువ హిమోగ్లోబినే మా వాడిని కాపాడిందని తర్వాత తెలిసింది.

ఆ రెండు వారాల్లో మా ఆడపడుచు పట్టుబట్టి నరసరావుపేటలో ఇంకో ఈఎన్‌టీ డాక్టర్ గారికి చూపించింది. పెద్దాయన. సన్నటి కెమెరా గొట్టం ముక్కులోకి పెట్టి టీవీలో చూస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేశారు. మేమూ చూశాం, వెనకాల ఎక్కడో ఎర్రగా, నున్నగా, పైన సన్న నరాలు పాకిన గడ్డ. గొట్టం మెల్లగా బయటికి తీసి "దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారామ్మా" అని అడిగారు. లేదు సార్, ముక్క తీస్తామన్నారు అంటే, "తీయనివ్వకండి, ఎవరడిగినా తీయనివ్వకండి" అన్నారు.

అప్పుడు చెప్పారు. మగపిల్లాడు, ఈ వయసు, ఒకే వైపు మూసుకుపోవడం, ఆ వైపే రక్తం, ఇవన్నీ కలిస్తే ముందు అనుమానించాల్సింది జువెనైల్ యాంజియోఫైబ్రోమా అనే గడ్డని. దాదాపుగా మగపిల్లలకే, అదీ ఎదిగే వయసులోనే వస్తుందట. క్యాన్సర్ కాదు, బినైన్. కానీ లోపలంతా రక్తనాళాలే, ఆ నాళాల గోడల్లో మామూలు నాళాలకి ఉండే కండరం పొర సరిగ్గా ఉండదట, అందుకని తెగితే ముడుచుకోవు, పంపు విప్పినట్టు కారతానే ఉంటాయి. ఓపీ కుర్చీలో కూర్చోబెట్టి ముక్క తీసుంటే ఏమయ్యేదో నేను రాయను.

మరి ముక్క తీయకుండా ఏ గడ్డో ఎలా తేలుద్ది సార్ అని మా ఆయన అడిగారు. బొమ్మల్లోనే తేలుద్ది, సీటీ ఎముక చెప్తుంది, ఎమ్మారై కండ చెప్తుంది, రెండూ కావాలి అన్నారు.

సీటీ అదే రోజు అయిపోయింది, ఐదు నిమిషాల పని. రిపోర్టుతోనే మా ప్రాణాలు పోయాయి. కుడి బుగ్గ ఎముక లోపలి సైనస్, అంటే గాలి ఉండాల్సిన గూడు, మొత్తం బూడిద రంగు, దాని వెనక గోడ ముందుకి వంగిపోయి ఉంది, గడ్డ వెనక నుంచి తోస్తుంటే గోడ విల్లులాగా వంగిందన్నమాట. ఇది ఈ గడ్డకి పెద్ద గుర్తేనట. కానీ మేం చూసింది ఆ బూడిద రంగు. బుగ్గంతా గడ్డే అనుకున్నాం. ఆ రాత్రి మా ఆయన డాబా మీదే పచార్లు చేశారు, నేను వాడి పక్కన పడుకుని బుగ్గ తడుముతూ ఉన్నా.

ఎమ్మారైకి గుంటూరు వెళ్ళాం. ముందే చెప్పారు, బొమ్మలో తేడా బాగా తెలియడానికి కాంట్రాస్టు మందు ఇస్తారు కాబట్టి క్రియాటినిన్ టెస్టు (కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే రక్తపరీక్ష) చేయించుకుని రిపోర్టు తెచ్చుకోవాలి, నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు అని. తెల్లారి ఐదింటికి వాడికి రెండు ఇడ్లీ పెట్టి బస్సెక్కాం.

అక్కడ ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. గుండెలో పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో ప్లేట్లు, స్క్రూలు ఉన్నాయా, కంట్లో ఇనప రజను పడిందా, ఇలా ఒక పేజీ ప్రశ్నలు. టెక్నీషియన్ అబ్బాయి ఓపికగా అడిగాడు. వాడి మొలతాడు దగ్గర ఆగింది కథ. దానికి తాయెత్తు ఉంది, మా అత్తయ్య గారు వాడికి మూడో ఏట జ్వరమొచ్చినప్పుడు కట్టించింది, లోపల ఏం లోహం ఉందో ఎవరికీ తెలీదు. తీసెయ్యాలమ్మా అన్నాడు. ముడి రాకపోతే కత్తెర తెచ్చాడు. అత్తయ్య గారు "గడ్డున్న పిల్లోడికి ఇవాళే తాయెత్తు కోస్తారా" అని ఏడుపు మొహం పెట్టారు, అది కోసేటప్పుడు మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు. నేను దాన్ని కర్చీఫులో మూటగట్టి ఆవిడ చేతిలో పెట్టా, స్కాన్ అయిపోయేదాకా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నారు.

పిల్లాడు కాబట్టి లోపల ఒకళ్ళు తోడుండొచ్చన్నారు. నేనే వెళ్తా అన్నా. అయితే మీక్కూడా అవన్నీ తప్పవు మేడమ్ అన్నాడు. పుస్తెలతాడు తీయాలంటే ఒక్క క్షణం చెయ్యి రాలేదు. బంగారం అంటుకోదు కదా బాబూ అంటే, బంగారం కాదు మేడమ్, మధ్యలో వేసే తీగలు, కొక్కేలు, మీరు తగిలించుకునే పిన్నీసులు అన్నాడు. నిజమే, ఆడవాళ్ళందరికీ తెలుసు, మన పుస్తెలతాడుకి ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడతానే ఉంటాయి. అత్తయ్య గారు సంచిలోంచి పసుపు కొమ్ము, దారం తీశారు, ముందే తెచ్చుకున్నారు మహాతల్లి, వెయిటింగ్ హాల్లోనే మెళ్ళో కట్టేశారు. మెట్టెలు సబ్బు రాస్తేగానీ రాలేదు. పిన్నీసులు ఐదు లెక్కపెట్టి ఇచ్చా. అయిపోయాయా అంటే అయిపోయాయన్నా. గుమ్మం దగ్గర నర్సమ్మ ఇంకోసారి తడుముకోండి అంది, చూస్తే జాకెట్టు లోపల ఒకటి, కొంగు కుచ్చుల్లో ఒకటి. సిగ్గేసింది. ఆవిడ మాత్రం నవ్వలా. ఈ అయస్కాంతం మిషన్ ఆడుతున్నప్పుడే కాదు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్విచ్ తీసేస్తే పోయేది కాదు, పిన్నీసు బాణంలాగా వెళ్తుంది, గొట్టంలో పిల్లాడి మొహం ఉంటుంది అంది. నా కాళ్ళు వణికాయి. ఆ మిషన్ 1.5 టెస్లా, అంటే భూమికుండే అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు అని టెక్నీషియన్ చెప్పాడు. ఎక్స్‌రే, సీటీ లాగా రేడియేషన్ మాత్రం ఉండదట, అదొక్కటి ధైర్యం.

వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, చేతికి సూది గొట్టం పెట్టి, చెవులకి స్పాంజి బిళ్ళలు దూర్చి, మొహం మీద తెల్లటి జాలీలాంటిది బిగించారు. "అమ్మా, కీపర్ హెల్మెట్ లాగా ఉంది" అన్నాడు. చేతిలో రబ్బరు బుడ్డి పెట్టి, ఇబ్బందైతే నొక్కు అని చెప్పారు. నేను కాళ్ళ దగ్గర స్టూలేసుకుని వాడి పాదం పట్టుకున్నా.

సౌండ్ గురించి అందరూ చెప్తారు, విని తీరాలి. ఒకసారి బోరు బండి వేసినట్టు, ఒకసారి మా ఊరి మర ఆడినట్టు, మధ్యలో పెళ్ళిలో డీజే వాడు రిపేరు చేసుకున్నట్టు. వాడికి అసలు కష్టం సౌండ్ కాదు. ముక్కు మూసుకుపోయినోడు వెల్లకిలా పడుకుంటే నోటితోనే ఊపిరి తీయాలి, నోరు ఎండుద్ది, ఎండితే గుటక వేస్తాడు, గుటక వేస్తే గొంతూ నాలికా కదిలి ఆ బొమ్మ చెదిరిపోద్ది. బొమ్మ ఫోటోలాగా టక్కున పడేది కాదు, ఒక్కో రకం బొమ్మకి నాలుగైదు నిమిషాలు, అంతసేపూ కదలకూడదు. పావుగంటకి బుడ్డి నొక్కాడు. రక్తమేనేమో అని నా గుండె జారింది. వెనక్కి చీమిడి దిగి గొంతులో అడ్డం పడింది, అంతే. బయటికి లాగి, లేపి కూర్చోబెట్టి, ఉమ్మించి, తడిగుడ్డతో పెదాలు తుడిచి మళ్ళీ పంపారు. ఆ బొమ్మ మొదటి నుంచి తీశారు. మీ పిల్లలకి తీయించాల్సి వస్తే లోపలికి వెళ్ళే ముందే ముక్కూ గొంతూ శుభ్రం చేయించండి, మాకు ఎవరూ చెప్పలా.

చివర్లో ఆ కాంట్రాస్టు మందు ఎక్కించారు, గాడోలినియం అంటారు, వాడు 42 కిలోలు కాబట్టి 8 మిల్లీలీటర్లు చాలన్నారు. చెయ్యి చల్లబడింది అన్నాడు, ఇంకేం లేదు. మొత్తం యాభై నిమిషాలు పట్టింది. బయటికి రాగానే వాడు అడిగింది బిర్యానీ.

రిపోర్టు మర్నాడు. నరసరావుపేట డాక్టర్ గారు మమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బొమ్మలు ఒక్కోటీ జరుపుతూ చూపించారు, ఆ అరగంట నేను ఎప్పటికీ మర్చిపోను. ముందు టీ2 అనే బొమ్మ పెట్టారు. అందులో నీళ్ళు తెల్లగా మెరుస్తాయట. కుడి బుగ్గ సైనస్ తెల్లగా వెలిగిపోతోంది, దాని వెనక, ముక్కు వెనక భాగంలో మాత్రం కాస్త బూడిదగా ఒక ముద్ద. "ఇదీ గడ్డ, ఇదంతా చీమిడి" అన్నారు. నాకు అర్థం కాలా. గడ్డ సైనస్ దారి మూసేసింది, లోపల ఊరిన చీమిడి బయటికి పోలేక నిండిపోయింది, సీటీలో గడ్డా చీమిడీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి, ఎమ్మారైలో విడిపోతాయి అని విడమర్చి చెప్పారు. అంటే మేం రెండు రాత్రులు ఏడ్చింది సగం చీమిడి చూసి. మా ఆయన పెద్దగా నవ్వేశారు, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. అన్నిసార్లూ ఇంత తేలిగ్గా ఉండదట, పాతబడి గట్టిపడిన చీమిడైతే టీ2లో నల్లగా కూడా రావచ్చు, గాలీ నల్లగానే పడుద్ది కాబట్టి గాలి ఉందేమో అని మోసపోతాం, అందుకే నాలుగు రకాల బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూస్తాం అన్నారు.

తర్వాత గడ్డనే పెద్దది చేసి చూపించారు. మధ్యలో నల్లటి చుక్కలు, నల్లటి పాముల్లాంటి గీతలు. ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టుంది, వాళ్ళూ అదే మాట వాడతారట. ఆ నలుపు రక్తనాళాలు. రక్తం అంత జోరుగా పోతుంటే నలుపెందుకు సార్ అన్నా. మిషన్ ఒక చోట కబురు ఇచ్చి, జవాబు వచ్చేదాకా ఆగుద్ది, ఈలోపు ఆ రక్తం అక్కడ ఉండదు, వెళ్ళిపోతుంది, జవాబు చెప్పేవాడు లేక ఆ చోటు నల్లగా పడుద్ది అన్నారు. నాకు మా ఊరి స్టాపులో ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులు గుర్తొచ్చాయి. మందు ఎక్కించాక తీసిన బొమ్మలో గడ్డ మొత్తం దీపంలా వెలిగింది, ఆ పాములు మాత్రం నల్లగానే ఉన్నాయి. ఆ బొమ్మల్లో కొవ్వుని కావాలని నల్లగా చేస్తారట, లేకపోతే కంటి వెనకా, పుర్రె కిందా ఉండే కొవ్వు కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి తెల్ల మీద తెల్ల కలిసి గడ్డ అంచు దొరకదు.

వయసు, మగపిల్లాడు, గడ్డ పుట్టిన చోటు, వంగిన గోడ, ఈ నల్ల పాములు, వెలుగు. ఇంతే. ముక్క తీయకుండానే పేరు రాసేశారు. చుట్టాల్లో ఒకాయన "బయాప్సీ లేకుండా ఆపరేషనా, ఇదేం వైద్యం" అని ఫోన్ మీద ఫోన్, ఆయనకి నేను చెప్పీ చెప్పీ అలిసిపోయా.

రిపోర్టులో ఇంగ్లీషు పదాలు నోరు తిరగవు. స్ఫినోపాలటైన్ ఫోరామెన్ అని ముక్కు వెనక పక్క గోడలో చిన్న కన్నం, ఈ గడ్డలు ఆ చుట్టుపక్కలే పుడతాయట, అక్కణ్ణుంచి పక్కనున్న టెరిగోపాలటైన్ ఫోసా అనే సందులోకీ, వెనక సైనస్‌లోకీ పాకింది. నేను వెతుక్కున్నది రెండే మాటలు, కన్ను, మెదడు. కంటి గూటిలోకి పోలేదు, మెదడు పొరని ముట్టుకోలేదు. డాక్టర్ గారు ఆ పొరని కూడా బొమ్మలో చూపించారు, సన్నటి గీత, గడ్డకీ దానికీ మధ్య ఖాళీ ఉంది. వేలితో ఆ ఖాళీని చూపించమని నేను రెండుసార్లు అడిగా, విసుక్కోకుండా రెండుసార్లూ చూపించారు.

ఆపరేషన్ సంగతి క్లుప్తంగా చెప్తా. ముందు రోజు తొడ దగ్గర నాళంలోంచి సన్న గొట్టం పంపి, గడ్డకి రక్తం ఇచ్చే నాళాలని లోపలే మూసేశారు, ఎంబొలైజేషన్ అంటారు. మర్నాడు ముక్కులోంచే కెమెరాతో తీశారు, మొహం మీద ఒక్క గాటు లేదు. అయినా ఒక బాటిల్ రక్తం ఎక్కించాల్సి వచ్చింది. తీసిన గడ్డని ల్యాబుకి పంపితే వచ్చిన పేరు, ఎమ్మారైలో రాసిన పేరు ఒకటే. ఆ కాగితం ఫోటో తీసి పైన చెప్పిన చుట్టానికి పంపా, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

బినైన్ అన్నారు కదా, తీసేశాక అయిపోయినట్టే అని నేను అనుకున్నా. కాదట. ఎముక సందుల్లో ఇసుమంత మిగిలినా మళ్ళీ పెరగొచ్చు, అందుకని ఎమ్మారైలు తీస్తూ ఉండాలి. ఆపరేషన్ అయిన నాలుగు నెలలకి మళ్ళీ గుంటూరు. ఈసారి వాడే నాకు పాఠాలు చెప్పాడు, పావుగంట ముందే ముక్కు కడుక్కున్నాడు, నీళ్ళతో నోరు తడుపుకున్నాడు, బుడ్డి నొక్కనే లేదు. నేను పిన్నీసులన్నీ ఇంట్లో డబ్బాలో పడేసి, పసుపు తాడు ఇంటి దగ్గరే కట్టుకుని వెళ్ళా. బస్సులో పక్కనావిడ ఏమ్మా పుస్తెలు తాకట్టు పెట్టావా అంది.

రిపోర్టులో వెనక సైనస్ పక్కన ఎముక దగ్గర చిన్న చోట కాంట్రాస్టు మందు పట్టి వెలిగింది, 6 మిల్లీమీటర్లు. ఆపరేషన్ పుండు మానేటప్పుడు కూడా అలా పట్టొచ్చు, మిగిలిన గడ్డ కూడా కావచ్చు, ఒక్క బొమ్మతో తేల్చలేం, అది పెరుగుతుందా అలాగే ఉందా అని ఆర్నెల్ల తర్వాత ఇంకోటి తీసి పక్కన పెట్టి చూడాలి అన్నారు. నల్ల పాములు మాత్రం లేవన్నారు. వాడు హాయిగా ఉన్నాడు, గురక లేదు, ముక్కుతో మాటలు పోయాయి, గొంతు నిజంగానే మారింది ఇప్పుడు, ఫోన్లో వాళ్ళ నాన్న అనుకుంటున్నారు. హిమోగ్లోబిన్ 12 దాటింది.

తర్వాతి స్కాన్ ఆగస్టులో. మా అత్తయ్య గారు వాడికి కొత్త మొలతాడు కట్టారు, ఉత్త నల్లదారం. తాయెత్తు పోపుల పెట్టె వెనక కర్చీఫులోనే ఉంది, కడతారా అని అడిగితే, ఆగస్టులో మళ్ళీ కొయ్యాలిగా, అదయ్యాక చూద్దాంలే అన్నారు.